నేనేడ పండాలె?

పల్సానాలో కొత్త ఇల్లు, సూరత్ నుంచి వచ్చిన డిజైనర్, కంప్యూటర్ తెరపై కళ్లు చెదిరే గదులు. ఆ బొమ్మల్లో అన్నీ ఉన్నాయి, ఇంటి పెద్దావిడ మంచం తప్ప

ఇంకా సున్నం వాసన పోని హాల్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. బోర్లించిన సిమెంటు తట్ట మీద ల్యాప్‌టాప్. తెరపై ఇల్లు మెల్లగా తిరుగుతోంది. టీవీ వెనక చెక్క పలకల గోడ, ఫాల్స్ సీలింగ్ అంచుల్లోంచి జారే పసుపు వెలుగు, బూడిద రంగు సోఫా, పైఅంతస్తులో రెండు పడకగదులు. మా అక్క కళ్లార్పకుండా చూస్తోంది. బావ మాత్రం మనసులో లెక్కలు కట్టుకుంటున్నట్టున్నాడు. సూరత్ నుంచి వచ్చిన డిజైనర్, ముప్పై ఏళ్లు కూడా నిండని గుజరాతీ అమ్మాయి, ఒక్కో గదినీ హిందీలో వివరిస్తోంది. చివరి బొమ్మ అయిపోయాక, అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్న అక్క వాళ్ల అత్తమ్మ నోరు విప్పింది.

"అంతా మంచిగున్నది బిడ్డా. మరి నేనేడ పండాలె?"

"పైన అర్ర ఉన్నది కదా అత్తమ్మా" అంది అక్క.

"ఈ మోకాళ్లతోని పదిహేడు మెట్లు ఎక్కాల్నా?"

ఎవరూ మాట్లాడలేదు. "బా ఏమంటున్నారు?" అని డిజైనర్ అడిగింది. గుజరాతీలు పెద్దావిడను ఆప్యాయంగా పిలిచే మాట అది. అక్క ఆ ప్రశ్నను వెంటనే హిందీలోకి మార్చలేదు. నేను మార్చాను. డిజైనర్ ల్యాప్‌టాప్ మూసేసి, సంచిలోంచి మామూలు నోటుపుస్తకం తీసింది. ఆ ఇంటి అసలు డిజైను అప్పుడు మొదలైంది.

మగ్గం చుట్టూ ఇల్లు

సూరత్ నగరానికి ఆగ్నేయంగా, ముంబై హైవే పక్కన ఉంటుంది పల్సానా. ఆ తాలూకాలోనే కడోదరా, చల్థాన్. ఒకప్పుడు చెరకు తోటల ప్రాంతం. ఇప్పుడు అద్దకం, ప్రింటింగ్ మిల్లుల పొగగొట్టాలు, వాటి మధ్య వరసలు తీరిన రో హౌస్‌ల సొసైటీలు. నగరంలో రెండు గదులకు పెట్టే డబ్బుతో ఇక్కడ సొంత గుమ్మం, సొంత మేడ దొరుకుతాయన్నది బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాల లెక్క.

వాటిలో తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు షోలాపూర్‌కు, భివండీకి వెళ్లినట్టే సూరత్‌కూ వచ్చాయి. లింబాయత్, ఉధ్నా వాడల్లో సగం సంభాషణ తెలుగులోనే వినిపించే వీధులున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోందంటే ఆ సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు. బావ అలాంటి బడిలోనే అక్షరాలు నేర్చాడు. 1980ల్లో వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి ఇక్కడి మరమగ్గాల మీదికి వచ్చాడు. ఇప్పుడు బావ అద్దకం మిల్లులో సూపర్‌వైజర్.

అత్తమ్మ చూసిన మొదటి ఇంట్లో గుంట మగ్గం ఉండేది. వెలుతురు బాగా వచ్చే చోటు మగ్గానిది. వంట, పడక, పిల్లలు, చుట్టాలు అన్నీ మిగిలిన జాగాలో. నేతగాడి కాళ్లు గుంతలో ఎంత లోతుకు దిగాలో, పడుగు ఎంత పొడవు సాగాలో అంతా కొలతే. ఆ ఇంటికి డిజైనర్ లేడు గానీ డిజైను లేకపోలేదు. ఇంట్లో జరిగే పనే ఇంటి కొలతలు నిర్ణయించింది. లింబాయత్‌లో రెండు గదులు. పక్క షెడ్డులోని మగ్గాల చప్పుడు రాత్రీ పగలూ గోడల్లోంచి వినిపించేది. మీఠీ ఖాడీ పొంగిన ఒక రాత్రి నీళ్లు గుమ్మం దాటి మంచం కిందికి వచ్చాయి. మగ్గమూ లేని, మగ్గం మోతా లేని మొదటి ఇల్లు ఇదే. మరి దీన్ని దేని చుట్టూ కట్టుకోవాలి?

మొదటి బొమ్మలు ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు, టీవీ. తప్పు డిజైనర్‌ది మాత్రమే కాదు. అక్కా బావా ఆమెకు చూపించింది ఫోన్లో దాచుకున్న వేరేవాళ్ల ఇళ్ల ఫొటోలు. ఆ ఫొటోల్లో మనుషులుండరు. మాటలన్నీ హిందీలో సాగాయి. అత్తమ్మకు వచ్చిన హిందీ కూరగాయల బండి దగ్గర పనికొచ్చేంత. ఇంట్లో ఎక్కువసేపు గడిపే మనిషిని ఇంటి గురించి ఎవరూ అడగలేదు.

ఒక రోజు లెక్క

డిజైనర్ ఇచ్చిన పని చాలా చిన్నది. ఇంట్లో ఎవరు ఏ గంటకు ఎక్కడుంటారో వారం పాటు రాసి ఇవ్వమంది. మా మేనకోడలు రాసింది. ఆ నాలుగు కాగితాలు బొమ్మలన్నిటినీ తలకిందులు చేశాయి.

బావకు వారం విడిచి వారం రాత్రి షిఫ్టు. పన్నెండు గంటల పని ముగించుకుని పొద్దున ఏడున్నరకు ఇల్లు చేరతాడు. అంటే అతనికి కావలసింది పట్టపగలు చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గది. మొదటి ప్లానులో అతని పడకగది తూర్పు ముఖాన, రోడ్డు వైపు, పెద్ద కిటికీతో ఉంది. బొమ్మలో ఆ ఎండ ఎంతో అందంగా పడుతోంది! వెనక గది పిల్లలకు, ముందు గది తమకు అన్న లెక్కను తిరగేస్తే సరిపోయింది. దానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు. మందపాటి తెర బట్ట బావే తెచ్చుకున్నాడు. సూరత్‌లో బట్టకు కరువా?

పెళ్లిళ్ల కాలంలో సిరిసిల్ల నుంచి చీరలు కొనడానికి చుట్టాలు దిగుతారు. ఒకోసారి పదిమంది. అందరి పడకా హాల్లోనే, నేల మీదే. కాబట్టి కదలని పెద్ద సోఫా కన్నా గోడకు జరపగలిగే చిన్నవి మేలు. బొంతలు, పరుపులు దాచడానికి అటక కావాలి. మంచం కింద పెట్టె చేయిద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. నీళ్లొస్తే ముందు తడిసేది అదేనంది. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తడం చూసిన మనిషి. ఇంటి కాగితాలు తల కన్నా ఎత్తున ఉండాలన్నది ఆమె నియమం. బతుకమ్మ పేర్చేటప్పుడు నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చునేంత ఖాళీ నేల ఉండాలన్నది మరో నియమం.

ఇక వెనక చోకడీ. గిన్నెలు, బట్టలు కడుక్కోవడానికి గుజరాతీ ఇళ్లలో కాస్త పల్లంగా కట్టే జాగా అది. దాన్ని ఎత్తు చేసి వాషింగ్ మెషీన్ గట్టు కడదామన్నది మొదటి ఆలోచన. అత్తమ్మ రోజులో రెండు గంటలు గడిపేది అక్కడే. పక్కింటి ఆడవాళ్లతో మాటామంతీ కూడా అక్కడినుంచే. చోకడీ ఉండిపోయింది. మెషీన్ ఒక మూలకు జరిగింది. కూర్చోవడానికి పీట ఎత్తున చిన్న గట్టు, చేతికందే ఎత్తులో కుళాయి వచ్చాయి. వంటగట్టు ఎత్తు 34 అంగుళాలని వేసినది, ఐదడుగుల అక్క భుజాలు పైకెత్తకుండా కూర తరగడం కోసం 32కు దిగింది.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ వంటగది రూపొందించినప్పుడు, గృహిణి పొయ్యికీ తొట్టికీ అలమారకూ మధ్య ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కలోకి తీసుకున్నారు. మన మాడ్యులర్ కిచెన్లకు అదే మూలం. అహ్మదాబాద్‌కు చెందిన బాలకృష్ణ దోషీ 1980ల్లో ఇండోర్ దగ్గర అరణ్య కాలనీని రూపొందించినప్పుడు పేద కుటుంబాలకు పూర్తి ఇల్లు కాకుండా స్థలం, నీటి వసతి, మరుగుదొడ్డి ఉన్న మొదలు మాత్రం ఇచ్చే పద్ధతి ఎంచుకున్నారు. మిగతాది ఆ కుటుంబం తన వీలునుబట్టి పెంచుకుంటుంది. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడాయన. ఇంటి గురించి ఎక్కువ తెలిసింది అందులో ఉండేవాళ్లకేనన్నది రెండుచోట్లా సూత్రం.

అక్క గోడ

అత్తమ్మకు కిందే గది కావాలంటే హాల్లోంచి చోటు తీయాలి. లోపలి వెడల్పు 13 అడుగులు. పొడవు 19 అడుగుల హాల్లో వెనకభాగం నుంచి ఏడడుగులు కోసి, తొమ్మిదడుగుల వెడల్పున జరుపుడు తలుపుతో గది. వంటింటికి నాలుగడుగుల దారి. మెట్ల కింది మరుగుదొడ్డిలో కుర్చీ తరహా కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ. గీత గీసి చూపగానే బావ సరేనన్నాడు. అక్క లేచి బయటికి వెళ్లిపోయింది.

"పందొమ్మిదేండ్లు రెండర్రల్లనే ఉన్న తమ్మీ" అంది వాకిట్లో నిలబడి. "ఎవ్వలొచ్చినా మంచం మీద కూసోబెట్టిన. ఇప్పుడన్న నాకని ఒక గోడ ఉండొద్దా?"

ఈ మాటను ఆడంబరం కింద కొట్టిపారేయడం తేలిక. కానీ అక్క అడిగింది మర్యాద. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడానికి ఒక చోటుండాలన్న కోరిక అత్తమ్మ మంచం కన్నా తక్కువది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరి న్యాయమైన అవసరాలు ఏడడుగుల కోసం పోటీపడితే ఏ కంప్యూటర్ బొమ్మా తీర్పు చెప్పలేదు. మంచి డిజైనర్ చేయగలిగిందల్లా ఆ పోటీని కాగితం మీదే బయటపెట్టడం. గోడలు లేచాక బయటపడితే అది ఇంటిగొడవ అవుతుంది.

తేల్చింది చివరికి డబ్బు. మొదటి అంచనా 11 లక్షలు దాటింది. బావ చేతిలో ఉన్నది 8 లక్షలు. ఫాల్స్ సీలింగ్, టీవీ వెనక చెక్క పలకలు, గది గదికీ దాచిన దీపాలు తీసేస్తే అంచనా దారికొచ్చింది. హాలు 12 అడుగులకు తగ్గింది. గుమ్మానికి ఎదురుగా వచ్చిన కొత్త గోడ మాత్రం అక్కదే. దాని మీద టీవీ ఉండదని, దాని రంగు, దాని మీద పెట్టే వస్తువు ఆమే నిర్ణయిస్తుందని డిజైనర్ ప్లాను మీద రాసి ఇచ్చింది. అక్క ముదురు ఆకుపచ్చ ఎంచుకుంది. అత్తమ్మకు నచ్చలేదు. అయినా ఊరుకుంది.

కాగితం మీద పెట్టాల్సినవి

కొత్తగా ఇల్లు సర్దుకునే మధ్యతరగతి కుటుంబానికి ఈ వృత్తి గురించి తెలిసింది తక్కువ. ఆర్కిటెక్ట్ అనే హోదాకు 1972 నాటి చట్టం రక్షణ ఉంది. ఆర్కిటెక్చర్ మండలిలో నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోకూడదు. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకు అలాంటి కట్టడి లేదు. అహ్మదాబాద్‌లోని సెప్ట్‌లో 1991 నుంచే ఈ చదువు ఉంది. 1972లో ఏర్పడిన భారతీయ ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ ఉంది. అయినా ఫర్నిచర్ దుకాణం నడిపేవారూ, వడ్రంగి మేస్త్రీ కూడా అదే బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే చూడాల్సింది బోర్డును కాదు, పూర్తిచేసిన ఇళ్లను. రెండు మూడేళ్లు కాపురం చేసిన ఇల్లయితే ఇంకా మంచిది. కొత్తలో ఏ అలమారయినా బాగానే మూసుకుంటుంది.

రెండో ప్రశ్న ఫీజు. డిజైనర్‌కు డబ్బు ఇచ్చేది మీరా, ప్లైవుడ్ దుకాణమా? సామాను అమ్మకంపై కమిషన్ ముట్టే చోట సామాను తగ్గించమనే సలహా రావడం కష్టం. అక్క ఇంటి డిజైనర్ ముందే ఒక మొత్తం మాట్లాడుకుంది. ఫాల్స్ సీలింగ్ వద్దని ఆమె అంత తేలిగ్గా అనగలగడానికి అదీ ఒక కారణం.

మూడోది చెక్క. ప్లైవుడ్ అంతా ఒకటి కాదు. ఐఎస్ 303 గుర్తు మామూలు వాడకానికి, ఐఎస్ 710 గుర్తు మెరైన్ రకానికి. తడి తగిలే చోట రెండోది వాడాలి. హైదరాబాద్‌లో నా సొంత ఫ్లాట్‌లో సింకు కింది అలమార రెండో వానాకాలానికే ఉబ్బి తలుపు మూసుకోకుండా పోయింది. పైన అతికిన మైకా చూసి మురిశానే గానీ కింద ఏముందో అడగలేదు. ఒప్పందంలో చదరపు అడుగు ధర ఒక్కటే రాస్తే చాలదు. దేన్ని కొలుస్తారు, తలుపు ముఖాన్నా, లోపలి అరల్నీ కలిపా అన్నదీ, ఏ రకం చెక్క అన్నదీ, పని ఎంత అయ్యాక ఎంత చెల్లింపు అన్నదీ ఉండాలి. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ అక్కడ పనికొచ్చేది కాగితమే.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. హాలు పెద్దదిగా కనిపించాలని గోడ తీసేయమనే సలహా ఎవరిచ్చినా, ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను అడగాలి. 2001 జనవరి 26 భూకంపంలో కచ్‌లోనే కాదు, అహ్మదాబాద్, సూరత్‌లలో కూడా భవనాలు కూలాయి.

గృహప్రవేశం అయిన మర్నాడు పొద్దున నేను ఆ హాల్లో నేల మీదే పడుకుని ఉన్నాను. ఏడున్నరకు తలుపు చప్పుడైంది. బావ చెప్పులు విడిచి, చాయ్ తాగి, మెట్లెక్కి వెనక గదిలోకి వెళ్లాడు. వెనక చోకడీలో అత్తమ్మ గిన్నెలు కడుగుతూ పక్కింటావిడతో తనకొచ్చిన నాలుగు గుజరాతీ ముక్కల్లో మాట్లాడుతోంది. చప్పుడు పైకి పోకుండా గొంతు తగ్గించి. అక్క ఆకుపచ్చ గోడ ముందు నిలబడి, ఇంకా ఏమీ తగిలించని మేకు వైపు చూస్తోంది.

"ఏం పెడతవక్కా?" అని అడిగాను.

"తొందరేమున్నది తమ్మీ" అంది. "గోడ నాదే కదా."