ప్రోగ్రామర్‌కి లైసెన్స్ ఎందుకు లేదు?

డాక్టర్‌కి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, లాయర్ బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మరి ప్రోగ్రామర్‌కి? ఏమీ అక్కర్లేదు. ఇది ఎలా వచ్చిందో ఈరోజు చూద్దాం.

1945లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ మీద లెక్కలు నడపడానికి ఆరుగురు మహిళలను ఎంపిక చేశారు. మాన్యువల్ లేదు. సర్క్యూట్ బొమ్మలు చూసి, యంత్రం ఎలా పనిచేస్తుందో వాళ్ళే తెలుసుకున్నారు. పేరు మాత్రం యంత్రం కట్టినవాళ్ళకి వచ్చింది. ప్రోగ్రామింగ్ అంటే గుమాస్తా పనే అనుకున్నారన్నమాట!

1962లో డేటా ప్రాసెసింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఒకటి మొదలైంది గానీ, ఉద్యోగానికి అది తప్పనిసరి కాలేదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో సమావేశం జరిగింది. దానికి 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అని కావాలనే కాస్త రెచ్చగొట్టేలా పేరు పెట్టారు. అంటే, మిగతా ఇంజనీరింగ్‌లలో ఉన్న క్రమశిక్షణ ఇక్కడ ఏదీ అని అడగడం.

ఆ ప్రశ్న ఎంత పెద్దదో థెరాక్-25 చూపించింది. ఇది క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం. పాత మోడళ్ళలో ప్రమాదాన్ని ఆపే హార్డ్‌వేర్ తాళాలు ఉండేవి. ఇందులో వాటిని తీసేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒక్క మనిషి రాసినది, పైగా కొంత పాత మోడళ్ళ నుంచి తెచ్చినది. ఆపరేటర్ ఎక్స్-రే అని తప్పు కొట్టి, వెంటనే ఎలక్ట్రాన్ అని దిద్దితే, అదీ సుమారు ఎనిమిది సెకన్లలోపు దిద్దితే, యంత్రం లోపల ఆ మార్పు పూర్తిగా అందేది కాదు. స్క్రీన్ మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చేది. దానికి సరైన వివరణ ఎక్కడా లేదు. ఒక్క మీట నొక్కితే చికిత్స కొనసాగేది! 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి విపరీతమైన డోసు పడింది, కొందరు చనిపోయారు. వారిలో ఇద్దరు టెక్సస్‌లోని టైలర్ ఊరి ఆసుపత్రిలో చికిత్స పొందినవారు.

1998లో అదే టెక్సస్ అమెరికాలో మొదటిసారి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు లైసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. వద్దన్నది ఎవరనుకుంటున్నారు? కంప్యూటర్ వాళ్ళ పెద్ద సంఘం ఏసీఎం. ఈ విద్య ఇంకా కుదురుకోలేదు, లైసెన్స్ ఇస్తే జనానికి లేని భరోసా ఇచ్చినట్టవుతుంది అని వాళ్ళ వాదన. వాదనలో నిజం ఉంది. కానీ బాధ్యత ఎవరిది అనే ప్రశ్న అలాగే ఉండిపోయింది కదా! ఏసీఎంకి నీతి నియమావళి ఉంది. దాన్ని మీరితే సభ్యత్వం పోవచ్చు, ప్రోగ్రామింగ్ చేసే హక్కు మాత్రం పోదు.

2013లో అమెరికాలో సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పరీక్ష పెట్టారు. మొదటి ఐదుసార్లు కలిపి రాసినవాళ్ళు 81 మంది. 2019లో ఆపేశారు.

థెరాక్‌లో ఆ ఎనిమిది సెకన్లలో ఏం జరిగేదో వచ్చే ఎపిసోడ్‌లో బోర్డు మీద గీసి చూద్దాం.