పల్లవి అంటే చిగురు

నిడదవోలు చుట్టూ వరి పొలాలు. ఊడ్పుల్లో ఒకామె చరణం పాడుతుంది. అందరూ పల్లవి అందుకుంటారు.

పల్లవి అనే మాట ఎక్కడిది? సంస్కృతంలో పల్లవం అంటే చిగురు. కొమ్మకు చిగురు వచ్చినట్టు, పాటలో పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది. చరణం అంటే పాదం. పాట చరణంతో అడుగు వేస్తుంది, తిరిగి పల్లవి దగ్గరకు వస్తుంది.

సంగీతం తెలిసినవాళ్లు ఇంకో అర్థం కూడా చెబుతారు. పదం, లయ, విన్యాసం. ఈ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి చదవండి. ప - ల - వి!

అన్నమయ్య 1503లో చనిపోయారు. ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కారు. అందుకే వేల పాటలు మిగిలాయి.

ఊడ్పు పాటలు ఎవరు రాసిపెట్టారు? అమ్మమ్మలతోనే ఎన్నో పోయాయి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. మీకు తెలిసిన పాట ఒకటి రాయండి. ముందు పల్లవి రాయండి.