తల్లిపాలు – శిశువుల శ్వాసకోశ వ్యాధులు: రక్షణ స్వరూపం, పరిమితులు

1. ఉపోద్ఘాతం:
శిశువుల శ్వాసకోశ వ్యాధులను తెలుగువారి వాడుక రెండు దశలుగా గుర్తిస్తుంది. ముక్కు కారడం, తుమ్ములు వంటి లక్షణాలుంటే ప్రాంతాన్నిబట్టి పడిశం, రొంప, సర్ది అంటారు. వ్యాధి ఛాతీలోకి దిగి, బిడ్డ డొక్కలు ఎగరేసే స్థితి వస్తే నెమ్ము చేసిందంటారు. వైద్యులు న్యుమోనియా అనేది ఈ రెండవ దశలోనిదే. తల్లిపాలు ఇచ్చే రక్షణను అర్థం చేసుకోవడానికి ఈ భేదం ఎంతో ఉపకరిస్తుంది.

2. రక్షణ జరిగే తీరు:
గర్భంలో ఉండగా తల్లి నుంచి మావి ద్వారా అందిన ప్రతిరక్షకాలు పుట్టిన తరువాతి నెలల్లో క్రమంగా తగ్గిపోతాయి. అప్పటికి శిశువు సొంత రక్షణవ్యవస్థ పూర్తిగా బలపడి ఉండదు. ఈ లోటును తల్లిపాలు కొంతవరకు పూరిస్తాయి. తల్లి శ్వాసమార్గంలో చేరిన సూక్ష్మజీవులను గుర్తించిన రక్షకకణాలలో కొన్ని పాలగ్రంథులకు చేరి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి. అది పాల ద్వారా శిశువు గొంతు, పేగుల లోపొరలను చేరి, సూక్ష్మజీవులు అక్కడ అంటుకోకుండా అడ్డుపడుతుంది. ముర్రుపాలలో దీని సాంద్రత చాలా ఎక్కువ.

3. పరిశోధనల సాక్ష్యం:
దక్షిణ బ్రెజిల్‌లో జరిగి 1987లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, ఇతర పాలు లేకుండా తల్లిపాలు తాగిన శిశువులతో పోలిస్తే, తల్లిపాలు అసలు అందని శిశువులు శ్వాసకోశ వ్యాధులతో మరణించే ప్రమాదం 3.6 రెట్లు ఎక్కువ. బెలారస్‌లో 17,046 తల్లీబిడ్డల జంటలపై జరిగి 2001లో వెలువడిన పరిశోధనలో మాత్రం, తల్లిపాలను ప్రోత్సహించినచోట జీర్ణకోశ వ్యాధులు తగ్గినా, శ్వాసకోశ వ్యాధులలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ రెండు ఫలితాలూ పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. కానీ బ్రెజిల్ అధ్యయనం మరణాలను లెక్కించింది. బెలారస్‌లో పోల్చిన రెండు వర్గాల తల్లులూ పాలివ్వడం మొదలుపెట్టినవారే. 2016లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన సమీక్ష తల్లిపాల వల్ల శ్వాసకోశ వ్యాధులు దాదాపు మూడోవంతు, వాటితో ఆసుపత్రిలో చేరవలసి రావడం 57 శాతం తగ్గుతాయని అంచనా వేసింది. వ్యాధి తీవ్రమయ్యేచోట రక్షణ ఎక్కువగా కనిపిస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

4. ముగింపు:
“తల్లిపాలు తాగే బిడ్డకు జలుబే రాదు” అనే ప్రచారం మేలుకన్నా కీడు చేయవచ్చు. బిడ్డకు తొలిసారి పడిశం పట్టగానే తల్లికి తన పాలమీదే అనుమానం కలుగుతుంది. తల్లికి జలుబు చేసినప్పుడు బిడ్డకు పాలు మాన్పించడం కూడా ఇలాంటి పొరపాటే. ఆ సూక్ష్మజీవిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు అందవలసిన సమయం అదే. చేతులు శుభ్రం చేసుకుని, ముక్కూ నోరూ కప్పుకుని పాలివ్వడం ఉత్తమం. టీకాలకు, పొగలేని వంటింటికి, సకాల వైద్యానికి తల్లిపాలు ప్రత్యామ్నాయం కావు. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పడిశానికీ నెమ్ముకూ వాడుకలో ఉన్న భేదాన్ని ఆరోగ్యప్రచారం స్వీకరిస్తే, తల్లిపాల విలువను అతిశయోక్తి లేకుండానే చెప్పవచ్చు.