మీకు తెలుసా? ఎకరాల్లో కొని గజాల్లో అమ్మితే...

హైదరాబాద్ ఒకప్పుడు ద్రాక్షకు పేరు మోసిన ఊరు. పొడవాటి లేతపచ్చ ‘అనాబ్-ఎ-షాహి’ ఇక్కడి తోటల పంటే. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్ష పందిళ్లు ఉండేవి. తెగుళ్లు, కూలీల కొరత కొంత దెబ్బ తీశాయి. మిగతా పని ప్లాట్లను గజాల్లో అమ్మే లెక్క పూర్తి చేసింది. ఎకరమంటే 4,840 గజాలు. రోడ్లకూ పార్కుకూ వదిలేసినా, గజాల్లో వచ్చే డబ్బుతో పోటీపడే పంట ఇంకా పుట్టలేదు!

* * *

1908 మూసీ వరద తర్వాత కట్టిన హైదరాబాద్ మంచినీటి జలాశయాలు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నిండాలంటే ఎగువ పొలాల మీద పడ్డ వాన వాగుల్లోకి చేరాలి. పొలం నీటిని కొంత ఇంకించుకుని, మిగతాది నెమ్మదిగా వదులుతుంది. సిమెంటు రోడ్డు మీద ఆ వానే ఒక్క ఉదుటున పారి, దారిలోని మురుగునంతా వెంట తెస్తుంది. అందుకే 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, నివాస కాలనీలకు అడ్డుకట్ట వేసింది. ఆ పరిధిలో తలపెట్టిన ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీకి 2000లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు.

ఆంక్షలు తీసేయమని అడిగిన వాళ్లలో అక్కడి రైతులూ ఉన్నారు. గట్టుకు అవతలి ఊళ్లో ఎకరం ధర కోట్లకు చేరుతుంటే, ఊరందరి మంచినీళ్ల కోసం తామే ఎందుకు నష్టపోవాలన్నది వాళ్ల ప్రశ్న. నగరం దగ్గర దానికి సరైన జవాబు లేదు. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ 69వ జీవో వచ్చింది, గొడవ కోర్టుకెక్కింది.

* * *

పొలం అమ్ముడైతే పట్టాదారుకు డబ్బొస్తుంది. కౌలుదారుకు, నాట్లేసే కూలీకి వచ్చేదేమీ ఉండదు. రాజధాని అమరావతి కోసం చేసిన భూసమీకరణలో మాత్రం భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. రియల్ ఎస్టేట్ వెంచర్లలో అదీ లేదు.

* * *

ఏటా రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలని 2013 భూసేకరణ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది. కానీ అది ప్రభుత్వ సేకరణకే. రైతు దగ్గర రియల్టర్ నేరుగా కొనుక్కుంటే, అది మూడు పంటల మాగాణి అయినా, ఆ సెక్షన్ వర్తించదు.