స్ప్రింగులు మార్చే ముందు

మా మేనల్లుడు ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో కారు కొన్నాడు. నెల తిరక్కుండానే ఫోను. "మావయ్యా, లోయరింగ్ స్ప్రింగులు వేయిస్తున్నా. కారు కిందికి దిగితే మలుపుల్లో రోడ్డుకి అతుక్కుపోతుంది." వాడి మాటలో సగం నిజం ఉంది. బరువు నేలకు దగ్గరైతే మలుపులో కారు ఒరగడం తగ్గుతుంది. మిగతా సగం గురించే ఈ నాలుగు మాటలు.

కారు బరువు మోసేది స్ప్రింగు. గుంత వస్తే అది నొక్కుకుని మళ్లీ లేస్తుంది. వదిలేస్తే అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్. దాని లోపలి పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరి వెళ్లాలి. ఆ ఇరుకులో ఊపు వేడిగా మారిపోతుంది. కాబట్టి ఈ రెంటికీ జత కుదరాలి. పొట్టిగా, గట్టిగా ఉండే స్ప్రింగు వేసి పాత షాక్‌నే ఉంచితే అది అదుపు చేయలేదు. పైగా చక్రం కదిలే చోటు తగ్గి, కాస్త పెద్ద గుంతకే రబ్బరు స్టాపర్‌కు కొట్టుకుంటుంది. అప్పుడు టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. పట్టు కోసం పెట్టిన ఖర్చు ఉన్న పట్టునే పోగొడుతుంది.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద గట్టి సస్పెన్షన్ బాగుంటుంది. మన వీధుల సంగతి వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి లెక్కలో స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. మా కాలనీలో పోసిన సిమెంటు దిమ్మకు ఆ లెక్కలేవీ తెలియవు! 30 మిల్లీమీటర్లు దించిన కారు దాని మీద పొట్ట గీరుకుంటుంది.

ఇంకోటి. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. చెప్పకుండా చేసిన మార్పు బీమా క్లెయిమ్ దగ్గర పేచీ తెస్తుంది. క్లెయిమ్ ఆగినా ఈఎంఐ ఆగదు. ఆ ముక్క బ్యాంకువాళ్ల ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే వాడికి వేరే వరుస చెప్పాను. ముందు టైర్ల వయసు, గాలి చూడు. తర్వాత రబ్బరు బుష్‌లు, షాక్‌లు. షాక్ పోతే కంపెనీ కొలతదే వేయించు, ఒకవైపే కాదు, ఆ ఇరుసుకు రెండూ. ఆఖర్న అలైన్‌మెంట్.

చూపిస్తే వెనక షాక్ ఒకటి నూనె కారుతోందట. జత మార్పించాడు. మా అక్క ఇప్పుడు వెనక సీట్లో నడుం పట్టుకోకుండా కూర్చుంటోంది. వాడు మాత్రం స్ప్రింగుల మాట అప్పుడప్పుడు ఎత్తుతూనే ఉన్నాడు.