కొండసైకిలు రిమ్మునకు సొట్ట పడినప్పుడు

రాళ్లదారిలో పరుగెత్తి వచ్చిన సైకిలును తుడుచునప్పుడు చక్రపు అంచున బొటనవ్రేలు ఇముడునంత సొట్ట కనబడుట, కొండదారులలో తిరుగువారికి అరుదైన విషయము కాదు. టైరులో గాలి నిలిచియే యున్నది; చక్రమును తిరుగుచున్నది. ఒక సుత్తిదెబ్బతో సరిపోవునని ఇంటిలో ఒకరందురు. క్రొత్త చక్రము కొనక తప్పదని మరియొకరందురు. ఈ రెండు మాటలలో ఏదియు అన్ని వేళలను నిజము కాదు. సొట్టను తీయవచ్చునా అనునది ఒక ప్రశ్న. తీసిన పిదప ఆ చక్రమును నమ్మి వాలుదారిలో దిగవచ్చునా అనునది వేరొక ప్రశ్న. రెండవ ప్రశ్నకు సమాధానము దొరకిన తరువాతనే మొదటి దానికి పూనుకొనవలెనని మా అభిప్రాయము.

చక్రము బరువును ఎట్లు మోయుచున్నదో ముందుగా తెలిసికొందము. ఎడ్లబండి చక్రమున కొయ్య ఆకులు బరువును క్రిందినుండి నిలిపి మోయును. సైకిలు చువ్వ సన్ననిది. నొక్కినచో వంగిపోవును, లాగినచో మాత్రము ఎంతయో ఓర్చును. అందుచేత చువ్వలన్నియు ముందుగనే బిగింపబడి, రిమ్మును అన్ని దిక్కులనుండి ఇరుసు వైపునకు లాగుచుండును. చక్కగా బిగించిన చక్రమున ఒక్కొక్క చువ్వ లాగుడు సుమారు 100 కిలోల వరకు ఉండును. చువ్వలు 32 ఉన్నచో ఆ లాగుడంతయు కలిసి మూడు టన్నులను సమీపించును. మనిషి ఎక్కినప్పుడు నేలను తాకినచోట రిమ్ము ఇసుమంత చదునగును. అచ్చటి చువ్వల బిగువు కొంత తగ్గును. జాబ్స్ట్ బ్రాంట్ అను ఇంజనీరు 1981లో వెలువరించిన 'ది బైసికిల్ వీల్' అను గ్రంథమున దీనిని విపులముగా వివరించెను. రిమ్ము గుండ్రముగా ఉన్నంతవరకే ఈ లాగుడులన్నియు ఒకదానికొకటి సరిపోవుచుండునని మనము గుర్తుంచుకొనవలెను.

ఇక రిమ్ము లోహమును గురించి. కొండసైకిలు పుట్టినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మెరిన్ కౌంటీ కొండలలో. 1970ల నడుమ అచ్చటి యువకులు లావు టైర్లు గల పాతసైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టిదారులలో క్రిందికి పరుగెత్తించెడివారు. 1976లో మొదలైన 'రీప్యాక్' పందెము ఈ వేడుకకు పేరు తెచ్చినది. 1977లో జో బ్రీజ్ అనునతడు ఇట్టి దారులకే తగిన చట్రమును ప్రత్యేకముగా నిర్మించెను. 1981లో స్పెషలైజ్డ్ సంస్థవారి 'స్టంప్‌జంపర్' అంగళ్లలోనికి వచ్చిన పిదప ఈ సైకిలు లోకమంతటను వ్యాపించెను. తొలినాటి పాతసైకిళ్లకు ఉక్కు రిమ్ములుండెడివి. తరువాత బరువు తగ్గుటకై అల్యూమినియము మిశ్రలోహము వాటి స్థానమును ఆక్రమించెను.

ఈ మార్పు మన సైకిలుషాపులకును సంబంధించినదే. మన ఊళ్లలో చక్రమునకు బెండు తీయు పనివారి చేతులు తరతరములుగా ఉక్కు రిమ్ములపై ఆరితేరినవి. ఉక్కు సాగును, వంగును, మరల సుత్తికి లొంగును. అల్యూమినియము మిశ్రలోహము స్వభావము వేరు. అది ఒకసారి వంగినచోట గట్టిపడి పెళుసెక్కును. మరల మరల వంచినచో చీలును. ఉక్కునకు తగిన దెబ్బ దీనికి తగదు. చేయి ఎంత నిపుణమైనదైనను లోహమేదో ముందుగా అడిగి తెలిసికొనవలెను. అయస్కాంతము అంటుకొన్నచో ఉక్కు, అంటుకొననిచో చాలవరకు అల్యూమినియము. నల్లగా, లోహపు చల్లదనము లేక, గోటితో తట్టిన ప్లాస్టికువలె పలుకునది కార్బను నారతో చేసినదై యుండును. కార్బను రిమ్ము వంగదు, పగులును. దానిని చక్కచేయు ప్రయత్నమే కూడదు.

దెబ్బలు మూడు విధములు. చక్రము తిరుగునప్పుడు ప్రక్కలకు ఊగినచో అది వంకర. చాలవరకు చువ్వల బిగువును సవరించి దీనిని తీయవచ్చును. రిమ్ము ఒకచోట ఇరుసు వైపునకు దిగి, చక్రము ఎగిరెగిరి పడినచో అది చదును. టైరును పట్టియుంచు అంచు మాత్రమే నలిగినచో అది సొట్ట. సొట్టను చువ్వలతో తీయుట సాధ్యము కాదు, ఏలయనగా చువ్వలు రిమ్ము నడిమి భాగమును లాగునే కాని అంచును తాకవు. చదును విషయమున పొరపాటు మరింత సులభము. రిమ్ము లోనికి దిగినచోట చువ్వలు వదులగును. వదులైనవి గదా అని వాటిని బిగించినచో అవి రిమ్మును ఇంకను లోనికే లాగును, చదును పెరుగును. అచ్చట చువ్వలను మరికొంత వదులుచేసి, రిమ్మును కొయ్యసుత్తితో వెలుపలికి తెచ్చి, అటుపిమ్మటనే బిగువును సమము చేయవలెను. ఇది అనుభవము గల పనివాని చేతనే చేయించుట మంచిది.

సొట్టను సవరించుటకు ముందు మూడు పరీక్షలు చేయవలెను. మొదటిది పగులు. టైరు, ట్యూబు తీసి రిమ్మును శుభ్రముగా తుడిచి, సొట్టచుట్టును చువ్వల రంధ్రముల వద్దను కొంచెము కిరసనాయిలు రాయుడు. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి సుద్దపొడి చల్లుడు. పగులున్నచో అందులో దాగిన నూనె సుద్దలోనికి ఊరి సన్నని గీతగా కనబడును. గీత కనబడిన రిమ్మునకు ఇక మరమ్మతు లేదు. రెండవది టైరు పట్టు. ట్యూబు లేని టైరైనచో సొట్ట వద్ద గాలి బుడగలు వచ్చుచున్నవేమో సబ్బునీటితో చూడవలెను. మూడవది బ్రేకు. రబ్బరుముక్కలు రిమ్మును పట్టు పద్ధతి అయినచో చిన్న సొట్టయు ప్రతి చుట్టునందు తగిలి బ్రేకును కుదుపును. ఇరుసు వద్దనుండు పళ్లెమును పట్టు డిస్కు బ్రేకైనచో ఈ చిక్కు లేదు. డిస్కు బ్రేకు గల చక్రమున పగులు లేక, గాలి నిలుచుచు, టైరు సరిగా కూర్చున్నచో చిన్న సొట్టను ముట్టక విడుచుటయే ఉత్తమము.

తీయవలసి వచ్చినచో పద్ధతి ఇది. స్క్రూపానా నోటిని అంచు మందమునకు సరిపోవునట్లు అమర్చి, నడుమ గుడ్డ నుంచి, సొట్ట రెండు కొనలనుండి నడిమికి కొంచెము కొంచెముగా వంచుచు రావలెను. ఒకే ఊపున లాగరాదు. ముందుకు వెనుకకు ఆడింపరాదు. పూర్తిగా మునుపటివలె నిగనిగలాడవలెనను పట్టుదల వలదు. టైరు కూర్చుండునంత, బ్రేకు తగులకుండునంత సరియైనచో చాలును. మంటతో వేడిచేయుట ఎంతమాత్రమును కూడదు. ఈ రిమ్ములకు బలము చాలవరకు కర్మాగారమున జరిగిన ఉష్ణసంస్కారము వలన వచ్చినది. మన మంట ఆ బలమును హరించి లోహమును మెత్తబరచును. పైకి చక్కగా కనబడుచు లోపల బలహీనమైన చక్రము సొట్టపడిన చక్రముకంటె ప్రమాదకరము.

పని ముగిసిన పిదప సుద్దపరీక్షను మరల చేయుడు. టైరు ఎక్కించి గాలి కొట్టి, టైరు ప్రక్కనుండు సన్నని గీత రిమ్మునకు చుట్టును సమదూరమున ఉన్నదేమో చూడుడు. ఒకచోట ఉబ్బినచో వెంటనే గాలి తీసివేయుడు. రాత్రియంతయు గాలి నిలిచినచో, మరునాడు చదునునేలపై మెల్లగా నడిపి బ్రేకు పరీక్షింపుడు. వెనుక చక్రము విషయమున కొంత ఉదారముగా ఉండవచ్చును గాని ముందు చక్రము విషయమున ఉండరాదు. వెనుకది చెడినచో సైకిలు ఆగును. ముందుది చెడినచో ఎక్కినవాడు తలక్రిందులుగా పడును.

ఇంతకును ఈ సొట్టలకు తరచుగా మూలము గాలి తక్కువగుటయే. మెత్తని టైరు రాతిపై పూర్తిగా నలిగి, రాయి నేరుగా రిమ్మునే కొట్టును. ట్యూబునకు ప్రక్కప్రక్కనే రెండు గాట్లు పాముకాటువలె పడినచో అది రిమ్ము తిన్న దెబ్బకు సాక్ష్యము. ట్యూబునకు అతుకు వేసి ఊరకుండక రిమ్మును గూడ తడిమి చూడవలెను. కొండసైకిలు టైర్లకు సాధారణముగా చదరపు అంగుళమునకు 20 మొదలు 30 పౌండ్ల వరకు గాలి వాడుదురు. బరువైనవారికి, రాళ్లు అధికమైన దారికి ఎక్కువ వైపున ఉంచవలెను. టైరు ప్రక్కన ముద్రించిన హద్దులను దాటరాదు. బయలుదేరు ముందు పంపుతో రెండు నిముషములు గడుపుట తరువాతి ఖర్చునంతయు ఆదాచేయును.

ఇంటిలోని పిల్లవాడు సొట్టపడిన చక్రమును చూపి "ఇది ఇంకను పనిచేయునా?" అని అడిగినచో, సుత్తి కొరకు వెదకుటకు ముందు సుద్దముక్కను, కిరసనాయిలు గుడ్డను చేతికి తీసికొందము. సొట్టతో నడిచిన చక్రములు పెక్కు కలవు. పగులుతో మాత్రము ఏ చక్రమును నడుపరాదు.