సులు ఓటును ఎవరితో కలిపి లెక్కపెట్టారు?

2019 జనవరి 21న ఫిలిప్పీన్స్ దక్షిణ కొసన ఉన్న సులు దీవుల్లో జనం ఓటేశారు. యంత్రాల్లేవు. కాగితం మీద ఒక ప్రశ్న, దానికి ఎదురుగా ఖాళీ. ఆ ఖాళీలో ఓటరు తన చేత్తో అవుననో కాదనో రాయాలి. బాంగ్సామోరో స్వయంపాలిత ప్రాంతాన్ని ఏర్పాటు చేసే చట్టం మీకు సమ్మతమేనా అన్నది ఆ ప్రశ్న. సులులో 1,37,630 మంది అవునని రాశారు. 1,63,526 మంది కాదని రాశారు. తేడా దాదాపు 26 వేలు. అయినా సులు ఆ కొత్త ప్రాంతంలో చేరిపోయింది.

కారణం లెక్కలో ఉంది. అప్పటికే ఉన్న పాత స్వయంపాలిత ప్రాంతంలో ఐదు ప్రావిన్సులు. చట్టం ఆ ఐదింటినీ విడివిడిగా చూడలేదు, ఒకే ముద్దగా తీసుకుంది. ఆ ముద్దలో అవునన్న ఓట్లు 15,40,017, కాదన్నవి 1,98,750. కాదన్న ప్రతి 100 ఓట్లలో 82 సులు నుంచే వచ్చాయి. మిగతా నాలుగు ప్రావిన్సుల్లో కలిపి వ్యతిరేక ఓట్లు 35 వేలు మాత్రమే. ఒక చోట పోగుపడిన అసమ్మతి పెద్ద అంకెల కింద కనిపించకుండా పోయింది.

ప్రభుత్వానికీ ముస్లిం తిరుగుబాటుదారులకూ కుదిరిన శాంతి ఒప్పందం ఆ చట్టానికి మూలం. దాన్ని నేను గౌరవిస్తాను. నాలుగు దశాబ్దాల యుద్ధాన్ని ఆపిన ఒప్పందం ఇది. 1970ల నుంచి ఆ పోరులో లక్షా 20 వేల మంది చనిపోయారని అంచనా. కానీ దీన్ని అర్థం చేసుకోవాలంటే సంతకాల ఫొటోలు చూస్తే సరిపోదు. ఎవరిని ఎవరితో కలిపి లెక్కపెట్టారో చూడాలి. ఆ ప్రశ్న వందేళ్ల కిందటిది.

ఆ యుద్ధం సాగిన పెద్ద దీవి మిండనావో. ఆ పేరు వింటే తెలుగు ఇళ్లలో చాలామందికి గుర్తొచ్చేది దావావో. మన పిల్లలు వైద్యం చదువుకోడానికి వెళ్లే ఊరు. 2017 మే 23న అదే దీవిలోని మరావి నగరంలో సాయుధ ముఠాలకూ సైన్యానికీ పోరు మొదలైంది. దావావోతో సహా దీవి మొత్తానికీ సైనిక శాసనం ప్రకటించారు. మరావి పోరు ఐదు నెలలు సాగింది, సైనిక శాసనం మాత్రం 2019 చివరిదాకా ఉంది. పైన చెప్పిన ఓటింగు కూడా ఆ శాసనం నీడలోనే జరిగింది.

వందేళ్ల కిందటి ఆ ప్రశ్న దగ్గరికి వద్దాం. 1903 జనాభా లెక్కల ప్రకారం మిండనావో, సులు ప్రాంతంలో ముస్లింలు నూటికి 76 మంది. 1990కి వచ్చేసరికి 20 మంది కూడా లేరు. వాళ్లు ఎక్కడికీ వెళ్లిపోలేదు. ఉత్తరాది నుంచి లక్షల మంది క్రైస్తవ వలసదారులను ప్రభుత్వాలే తెచ్చి అక్కడ స్థిరపరిచాయి. మొదట అమెరికా పాలకులు, తర్వాత రాజధాని మనీలాలోని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం. భూమి పంపకం చూడండి. 1919 చట్టం కింద కొత్తగా భూమి కోరుకునే క్రైస్తవుడికి 24 హెక్టార్ల దాకా హక్కు, క్రైస్తవేతరుడికి 10 మాత్రమే. 1936లో అది 16, 4 అయింది. మన లెక్కలో చెప్పాలంటే బయటి నుంచి వచ్చినవాడికి 40 ఎకరాలు, తాతల నాటి నుంచి అక్కడే ఉన్నవాడికి 10 ఎకరాలు. తన ఊళ్లోనే తనకి నాలుగో వంతు. తుపాకులు తర్వాత వచ్చాయి, ముందు వచ్చింది ఈ చట్టమే. 1968లో కొరెహిదోర్ దీవిలో శిక్షణకు తీసుకెళ్లిన మోరో, అంటే అక్కడి ముస్లిం, యువకులను సైనికులే కాల్చిచంపారన్న వార్త దీని మీద నిప్పు రాజేసింది. 1972లో అధ్యక్షుడు మార్కోస్ సైనిక శాసనం పెట్టాక నూర్ మిసువారి నాయకత్వంలోని మోరో జాతీయ విమోచన ఫ్రంట్ యుద్ధానికి దిగింది.

1976లో లిబియా రాజధాని ట్రిపోలీలో మొదటి ఒప్పందం కుదిరింది. స్వయంప్రతిపత్తి 13 ప్రావిన్సులకు, వాటిలోని నగరాలకు అని రాసుకున్నారు. అయితే అమలుకు రాజ్యాంగ ప్రక్రియ పాటించాలన్న షరతు కూడా అందులో ఉంది. రాజ్యాంగ ప్రక్రియ అంటే జనాన్ని అడగడమే అని మనీలా అర్థం చెప్పింది. జనాన్ని అడగడం న్యాయమే. కానీ అప్పటికే చాలా ప్రావిన్సుల్లో అడిగే జనంలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. 1989లో ఆ 13 ప్రావిన్సుల్లోనూ ఓటింగు పెడితే ఒప్పుకున్నవి నాలుగు: లనావో దెల్ సుర్, మగిందనావో, సులు, తావి తావి. అలా ఏర్పడిన పాత స్వయంపాలిత ప్రాంతంలో 2001లో బసీలన్, మరావి నగరం వచ్చి కలిశాయి.

ఈలోగా విమోచన ఫ్రంట్ చీలింది. హషీం సలామత్ మోరో ఇస్లామిక్ విమోచన ఫ్రంట్ పెట్టారు. 1996లో మిసువారి ప్రభుత్వంతో రాజీపడి ఆ ప్రాంతానికి గవర్నరు అయినా, ఈ రెండో ఫ్రంట్ పోరు ఆపలేదు. 2008లో మలేసియా మధ్యవర్తిత్వంలో పూర్వీకుల భూములపై ఒప్పందం సిద్ధమైంది. సంతకాలకు ఒక్క రోజు ముందు సుప్రీంకోర్టు ఆపేసింది. ఆ అక్టోబరులో 8–7 తేడాతో రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఒక్క న్యాయమూర్తి తేడా. మళ్లీ యుద్ధం, మళ్లీ లక్షల మంది శిబిరాల పాలు.

2011లో అధ్యక్షుడు అకినో, ఇస్లామిక్ ఫ్రంట్ అధినేత మురాద్ ఇబ్రహీం జపాన్‌లో ముఖాముఖి కలిశారు. 2012లో చట్రం లాంటి ఒప్పందం, 2014 మార్చి 27న సమగ్ర ఒప్పందం కుదిరాయి. ప్రభుత్వం తరఫున సంతకం చేసిన ముఖ్య సంధానకర్త మిరియమ్ కొరోనెల్ ఫెరెర్ అనే మహిళ. అదే నెల మొదట్లో మన దగ్గర రాష్ట్ర విభజన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం పడింది. మన రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేస్తే చాలు, ఎటు ఉంటారని ఏ జిల్లానూ ఓటు ద్వారా అడగక్కర్లేదు. ఫిలిప్పీన్స్ రాజ్యాంగం 10వ అధికరణంలోని 18వ సెక్షను అలా కాదు. అనుకూలంగా ఓటేసిన ప్రావిన్సులు, నగరాలు, భూభాగాలు మాత్రమే స్వయంపాలిత ప్రాంతంలో చేరతాయంటుంది. ఆ 'మాత్రమే' తర్వాత చాలా పని చేసింది.

చట్టం రావడానికి నాలుగేళ్లు పట్టింది. 2015 జనవరి 25న మమసపానో దగ్గర ఒక ఉగ్రవాది కోసం వెళ్లిన పోలీసు కమాండోల్లో 44 మంది చనిపోయారు. ఫ్రంట్ యోధులూ, పౌరులూ చనిపోయారు. దేశం భగ్గుమంది, బిల్లు మనీలా చట్టసభలో చచ్చిపోయింది. చివరికి 2018 జులైలో అధ్యక్షుడు దుతెర్తే సంతకంతో చట్టమైంది.

2019 ఓటింగులో లెక్క ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంది. పాత ప్రాంతంలో ఐదు ప్రావిన్సులూ ఒక ముద్ద. కొటబాటో నగరం తనంతట తాను ఒక లెక్క. పాత ప్రాంతపు కార్యాలయాలన్నీ అక్కడే ఉన్నా రెండుసార్లు చేరనని చెప్పిన నగరం అది. ఈసారి 36,682 – 24,994 తేడాతో చేరింది. లనావో దెల్ నోర్తెలో ఆరు పట్టణాలు చేరతామన్నాయి. కానీ వాటిని వదులుకోడానికి మొత్తం ప్రావిన్సు కూడా ఒప్పుకోవాలన్నది షరతు. ప్రావిన్సు ఒప్పుకోలేదు. కాదన్న సులు లోపలికి, అవునన్న ఆరు పట్టణాలు బయటికి. ఉత్తర కొటబాటోలో 67 బరాంగేలను అడిగితే 63 చేరాయి. బరాంగే అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది. అవన్నీ ఒకచోట లేవు, వేరే ప్రావిన్సు మధ్యలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఐదేళ్ల పాటు వాటికి సొంత పట్టణ పాలన అంటూ లేదు. 2024 ఏప్రిల్లో మరో ఓటింగు పెట్టి వాటిని 8 పట్టణాలుగా కూర్చారు.

డబ్బు లెక్క ఇంతకంటే నిక్కచ్చిగా ఉంది, మెచ్చుకోదగినది కూడా. పాత ప్రాంతం ఏటా మనీలా చట్టసభ ముందు చెయ్యి చాచేది. ఇప్పుడు జాతీయ పన్నుల నికర రాబడిలో 5 శాతం దానంతట అదే వస్తుంది. ఆ ప్రాంతంలో వసూలయ్యే జాతీయ పన్నుల్లో 75 శాతం అక్కడే ఉంటుంది. చమురు, సహజవాయువు రాబడి చెరిసగం. వీటికి తోడు పదేళ్ల పాటు ఏడాదికి 500 కోట్ల పెసోల ప్రత్యేక నిధి. 2018లో అక్కడ నూటికి 60 మందికి పైగా పేదరికపు గీత కింద ఉన్నారు. 2021కి ఆ అంకె 40 లోపుకు దిగింది. యుద్ధం ఆగితే పొలానికి వెళ్లొచ్చు, సంతకు సరుకు తేవచ్చు. ఆ దిగడంలో ఎంత నిధులది, ఎంత ఆగిన తుపాకులది అని విడదీయడం కష్టం.

తుపాకుల లెక్క మాత్రం చేయొచ్చు. 40 వేల మంది యోధులు, 7 వేల ఆయుధాలు అప్పగించాలన్నది ఒప్పందం. అంటే దాదాపు ఆరుగురికి ఒకటి చొప్పున. 2015 జూన్‌లో లాంఛనంగా 145 మంది 75 ఆయుధాలతో వచ్చారు. టర్కీ, నార్వే, బ్రూనే ప్రతినిధులున్న స్వతంత్ర సంఘం ఒక్కో తుపాకీనీ నమోదు చేసుకుంటుంది. యోధుడికి లక్ష పెసోల నగదు ఇస్తారు, మన డబ్బుల్లో లక్ష రూపాయల పైమాటే. 2025 జులై నాటికి 26 వేల మందికి పైగా, 4,600 పైచిలుకు ఆయుధాలతో బయటికొచ్చారు. మిగిలిన 14 వేల మంది దగ్గర పని ఆగింది. వచ్చినవాళ్లకు మాట ఇచ్చిన బతుకుతెరువు అందలేదని ఆ నెలలో ఫ్రంట్ అప్పగింతలు నిలిపేసింది. లక్ష పెసోలు ఒక ఇంటికి ఎన్నాళ్లొస్తాయి? నలభై ఏళ్ల వయసులో తుపాకీ దించినవాడికి భూమో, పనో కావాలి.

2024 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐదు ప్రావిన్సులనూ ముద్దగా లెక్కపెట్టడం చెల్లదు, కాదన్న సులు అందులో లేదు. ఆ 1,63,526 ఓట్లు సొంత లెక్కలోకి రావడానికి ఐదేళ్ల ఏడు నెలలు పట్టింది. బాంగ్సామోరో పార్లమెంటులో 80 సీట్లు. సులు పోవడంతో ఏడు నియోజకవర్గాలు పోయాయి. ఆ ఏడింటినీ మిగతా చోట్లకు పంచుతూ చేసిన చట్టాన్ని, 2025 అక్టోబరు 13 ఎన్నికలకు రెండు వారాల ముందు, అదే కోర్టు కొట్టేసింది. 2026 మార్చి 31 లోపు ఎన్నికలు జరపమంది.

మొదట ఎన్నికలు 2022లో అన్నారు, తర్వాత 2025 మే అన్నారు, తర్వాత అక్టోబరు అన్నారు. 2019 నుంచి 2025 చివరిదాకా ఆ 80 కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ నియమితులే. 2025 మార్చిలో మురాద్ ఇబ్రహీం స్థానంలో అబ్దుల్‌రావుఫ్ మకాకువా తాత్కాలిక ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన్ని కూర్చోబెట్టిందీ మనీలాయే.